క్షేత్రమునకే నింద యేల?

భాగ్యనగరమునుండి ముంబయి రహదారివెంట పశ్చిమముగా పోవువారికి రామచంద్రాపురము, పటాన్‌చెరు, ఇస్నాపూరు దాటి సంగారెడ్డి చేరువఱకు దారిప్రక్కల రెండువిధములైన పలకలు కానవచ్చును. ఒకవిధమువి ఫ్యాక్టరీల పేరులను చూపును. రెండవవిధమువి సంతానము లేనివారికి సంతానము కలిగించెదమని చెప్పు వైద్యశాలల ప్రకటనలు. మొదటివి ఈ ప్రాంతమునకు జీతములను, భూములకు వెలలను తెచ్చినవి. రెండవవి ఆ జీతములలో, ఆ వెలలలో కొంతభాగమును తీసికొనిపోవుచున్నవి. పాశమైలారమున బాయిలరుకడ పనిచేయు కార్మికుడు చిట్టీ పాడుకొని, జిన్నారము వైపున ఎకరము అమ్మిన రైతు ఆ సొమ్ములోనుండి తీసి, సంతానముకొఱకు వైద్యునికడకు పోవుచున్నారు. పోవునపుడు ఇద్దఱును తమ భార్యలనే ముందు నిలుపుచున్నారు. ఈ కడపటి విషయమును గూర్చియే నేడు మా పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

సంతానలేమి ఏ యొక్క ఇంటికో కలిగిన శాపము కాదు. ప్రపంచమున ప్రతి ఆఱుగురిలో ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు దీనిని అనుభవించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించెను. దీనికి గల చికిత్సలలో తేలికైనదియు, వ్యయము తక్కువదియు వైద్యులు ఐ.యు.ఐ. అని వ్యవహరించు శుక్లనిక్షేపము. భర్త వీర్యమును ప్రయోగశాలలో కడిగి, చుఱుకైన కణములను వేఱుపఱచి, అండము విడుదలయగు వేళకు సన్నని గొట్టముద్వారా భార్య గర్భాశయమున విడుచుటయే ఈ ప్రక్రియ. అండమును బయటికి తీయుట గాని, గాజుపాత్రలో పిండమును కలిగించుట గాని ఇందు జరుగదు, అది ఐ.వి.ఎఫ్. అను వేఱొక చికిత్స. ఇక్కడ మనుష్యుడు చేయునదెల్ల ఆ కణములకు దారి తగ్గించుట మాత్రమే. తక్కిన కార్యమంతయు శరీరమే నెఱవేర్పవలయును.

కావున దీని ఫలితమును గూర్చి మొదట ఉన్నమాట తెలిసికొనుట మంచిది. ఒక్కొక్క పర్యాయము నూటికి 10 మొదలు 15 మందికి గర్భము నిలుచుచున్నది. అన్నియు అనుకూలించినచో 20 వఱకు పోవచ్చును. స్త్రీకి 40 ఏండ్లు దాటినపిదప 5కు లోబడుచున్నది. ఇది విని నిరాశపడ నక్కఱలేదు. ఏ లోపమును లేని యువదంపతులకు సైతము ఒక నెలలో గర్భము నిలుచు అవకాశము నూటికి 20, 25 మాత్రమే. మొదటి పర్యాయము నిష్ఫలమైనంతనే కోడలి జాతకము తిరుగవేయువారును, మొదటి పర్యాయమే బిడ్డను చేతికిచ్చెదమని పలుకు ప్రకటనలను నమ్మువారును ఈ లెక్కను మఱచుచున్నారు. ఫలము ఏ స్థితిలో ఎక్కువ, ఏ స్థితిలో తక్కువ యనునదే అడుగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము మన పూర్వులకు కొంత తెలియును. గర్భము కలుగుటకు ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును కూడవలెనని సుశ్రుతుడు తన సంహితయందు చెప్పి, దానిని వ్యవసాయముతో పోల్చెను. మా పాఠకులలో భూమి దున్నించువారు అనేకులు. పటాన్‌చెరువులోనే 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాసంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుసెనగల విత్తనములను పరిశీలించుచున్నది. మొలకకట్టి చూడక విత్తనము చల్లు రైతు ఈ కాలమున లేడు. పంట పండనపుడు విత్తనము ఎట్టిదో విచారింపక పొలమునే తిట్టువానిని మనము వివేకి యనము. కాని సంతానవిషయమున మనము చేయుచున్నది అదియే.

మొదటిది ఋతువు. విడుదలయైన అండము ఒక్క దినమునకు మించి పనికిరాదు. వీర్యకణములు స్త్రీ శరీరమున రెండుమూడు దినములకు పైగా జీవింపగలవు. అందుచే వేళ తప్పరాదు. అండమును పెంచు బుడగ సుమారు 18 మిల్లీమీటర్ల పరిమాణమునకు పెరిగినదని స్కానింగు చూపిన తరువాత ఇంజెక్షను ఇచ్చి, 24 మొదలు 40 గంటలలోపల నిక్షేపము చేయుదురు. ఒకే నెలలో రెండుమాఱులు చేసినచో ఫలము రెట్టింపగునని కొందఱు చెప్పెదరు గాని, సామాన్యముగా అట్టి లాభము కానరాలేదు. ఈ గంటల లెక్కకన్న పెద్దది ఏండ్ల లెక్క. స్త్రీకి 35 ఏండ్లు దాటిననుండి అండముల సంఖ్యయు, నాణ్యమును వడిగా తగ్గును. కావుననే 35కు లోబడినవారు ఒక సంవత్సరము, పైబడినవారు ఆఱు మాసములు చూచి పరీక్షకు పోవలెననియు, 40 దాటినవారు ఆలస్యమే చేయరాదనియు వైద్యుల నియమము. మన ఇండ్లలో మొదటి మూడేండ్లు మ్రొక్కులకు, తరువాతి మూడేండ్లు నాటుమందులకు పోయి, ఏడవయేట వైద్యుని గడప త్రొక్కుచున్నారు. మ్రొక్కులను మేము నిందింపము; మ్రొక్కు తీర్చుకొనుచునే పరీక్షయు చేయించుకొనవచ్చును. పోయిన ఏండ్లను మాత్రము ఏ వైద్యుడును తిరిగి ఈయజాలడు.

రెండవది క్షేత్రము. గర్భాశయమునకు ఇరుప్రక్కల గల నాళములలో ఒకటియైనను తెఱచియుండనిదే శుక్లనిక్షేపము వలన ప్రయోజనము లేదు. నీరు పాఱని కాలువక్రింద నారు పోసినట్లగును. నాళములలోనికి మందు పంపి ఎక్సురే తీయు పరీక్షచే ఈ సంగతి తెలియును. మన దేశమున జననేంద్రియములకు సోకు క్షయవ్యాధి నాళములు మూసికొనుటకు ఒక ముఖ్యకారణము. అది దగ్గును గాని, జ్వరమును గాని చూపకయే లోలోపల పనిచేయవచ్చును. గర్భాశయపు కుహరములోనికి చొచ్చుకొనివచ్చిన గడ్డలు, ముదిరిన ఎండోమెట్రియోసిస్ సైతము ఫలమును తగ్గించును. రెండు నాళములును మూసికొనియున్న స్త్రీకి ఈ పరీక్ష చేయకయే వరుసగా నాలుగైదు నిక్షేపములు చేసి సొమ్ము తీసికొనుట వైద్యమనిపించుకొనదు.

మూడవది అంబువు, అనగా పోషణరసము. నేటి వైద్యభాషలో ఇది హార్మోనులు, ఆహారము, దేహస్థితి. అండము విడుదల కాకుండుటకు పి.సి.ఓ.ఎస్. అను స్థితి తఱచు కారణమగుచున్నది. ఇట్టివారికి లెట్రజోల్ వంటి మాత్రలచే అండము విడుదలయగునట్లు చేసినచో ఫలము బాగుగనే యుండును, ఐ.యు.ఐ.కి అనుకూలమైన స్థితులలో ఇది యొకటి. థైరాయిడు లోపము, మధుమేహము, అతిస్థూలత్వము ముందుగా చక్కబఱుపవలయును. గర్భాశయపు లోపొర 7 మిల్లీమీటర్లకు తగ్గినచో పిండము నిలుచుట కష్టము. పొగాకు భార్యాభర్తలిద్దఱికిని చెఱుపే. ఇంతవఱకు చెప్పిన మూడింటిలో అధికభాగము స్త్రీ దేహమునకు సంబంధించినదే. మన కుటుంబముల విచారణయంతయు ఇక్కడనే ఆగిపోవుచున్నది.

నాలుగవదియగు బీజము మిగిలియున్నది. సంతానము లేని దంపతులలో సుమారు సగముమందికి పురుషుని యందలి లోపము పూర్ణకారణముగనో, భాగముగనో ఉండుచున్నది. దానిని తెలిసికొనుటకు చేయు వీర్యపరీక్ష అన్ని పరీక్షలలోను తేలికైనది, చవుకైనది, నొప్పి లేనిది. రెండు మొదలు ఏడు దినముల బ్రహ్మచర్యము పాటించి నమూనా ఇచ్చిన చాలును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 నాటి గ్రంథము ననుసరించి మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల కణములు, నూటికి 42 కదలుచున్నవి, నూటికి 4 సరియైన ఆకారము గలవి, ఇవి క్రింది హద్దులు. ఒక పరీక్షలో తగ్గినంతమాత్రమున భయపడక మఱల చేయింపవలయును. శుక్లనిక్షేపమున జయాపజయములను నిర్ణయించు అంకె వేఱొకటి కలదు: కడిగిన తరువాత మిగిలిన కదలిక గల కణముల మొత్తము. అది కోటికి చేరువైనచో ఆశ ఎక్కువ. 50 లక్షలకు దిగినకొలది ఆశ తగ్గును. 10 లక్షలకు లోబడినచో ఈ చికిత్స పనికిరాదనియే చెప్పవలయును. చికిత్సకు పోవు ప్రతి గృహస్థుడును ఈ అంకెను అడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను.

ఇంత సులభమైన పరీక్షకు మగవారు ఏల వెనుదీయుచున్నారు? మగతనమును, బీజశక్తిని ఒక్కటిగా భావించుటచేతనే. ఈ రెండును వేఱు. దాంపత్యమున ఏ కొఱతయు లేని పురుషునికి వీర్యమున కణములు తక్కువగా నుండవచ్చును; అసలే లేకపోవచ్చును. వృషణముల సిరలు ఉబ్బుట, యుక్తవయస్సు వచ్చిన పిదప సోకిన గవదల రోగము, హార్మోనుల లోపము, ఇట్టి కారణములలో కొన్ని చికిత్సకు లొంగును కూడను. కాని పరీక్షయే లేనిచోట చికిత్స యెక్కడిది? మన భాషలో గొడ్రాలు అను మాట కలదు. బీజలోపము గల పురుషుని దెప్పుటకు అట్టి మాట లోకవ్యవహారమున లేదు. మాట లేనంతమాత్రమున లోపము లేకపోదు గదా! భారతమున పాండురాజు తన అశక్తతను తానే కుంతితో చెప్పుకొనెను. లోపమును ఆమెపై గాని, మాద్రిపై గాని మోపలేదు. అంతటి రాజు సిగ్గుపడక చెప్పుకొనిన మాటను నేటి మన గృహస్థుడు వైద్యునితో చెప్పుకొనలేకున్నాడు. 1955 నాటి హిందూ వివాహశాసనము ద్వితీయవివాహమును నిషేధించినను, మఱొకతెను తెచ్చెదమను బెదరింపు ఇంటిలోపల ఆగలేదు. తెచ్చిన రెండవ యామెకును సంతానము కలుగనపుడు మాత్రము అందఱును మౌనము వహింతురు.

ఇక పారిశ్రామికప్రాంతమునకు ప్రత్యేకమైన విషయము. వృషణములు దేహముకన్న రెండుమూడు డిగ్రీలు చల్లగా నుండిననే బీజకణములు చక్కగా పుట్టును. బాయిలర్లకడ, కొలుములకడ, ఇనుము కరిగించు మూసలకడ దినమునకు ఎనిమిది, పండ్రెండు గంటలు నిలుచువానికి ఈ చల్లదనము లభింపదు. సీసము రక్తమున చేరినవారికి బీజహాని కలుగునని వైద్యశాస్త్రము బహుకాలముగా ఎఱుగును. ద్రావకములుగా వాడు గ్లైకాల్ ఈథరులలో కొన్నియు అట్టివే. అమెరికాయందు కాలిఫోర్నియాలోని యొక ఫ్యాక్టరీలో డి.బి.సి.పి. అను పురుగుమందును చేయు కార్మికులు తమలో ఎవరికిని బిడ్డలు కలుగుట లేదని తామే మాటలాడుకొని పరీక్ష కోరిరి. 1977లో వారి అనుమానము నిజమని తేలెను. దక్షిణకొరియాలో 1995లో ఎలక్ట్రానిక్ భాగములను కడుగుటకు వాడిన 2-బ్రోమోప్రొపేన్ అను ద్రావకముచే స్త్రీకార్మికులకు ఋతుస్రావము నిలిచిపోయెను. పురుషులకు కణములు క్షీణించెను. ఈ రెండుచోటులను మొదట కానవచ్చిన వ్యాధిలక్షణము సంతానలేమి, లేక ఋతులోపమే.

పటాన్‌చెరు, బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారము ప్రాంతములలో 1970వ దశకమునుండి పెరిగిన మందుల ఫ్యాక్టరీల మురికినీరు నక్కవాగున చేరి మంజీరకు పోయిన కథ మా పాఠకులకు క్రొత్తది కాదు. 1990లో సుప్రీముకోర్టున దాఖలైన వ్యాజ్యము చేతులు మాఱి, తుదకు 2017లో జాతీయ హరిత ట్రిబ్యునలు తీర్పుతో ముగిసెను. ఇక్కడి శుద్ధికేంద్రము విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించినపుడు ప్రపంచము ఆశ్చర్యపడెను. ఈ ప్రాంతమున సంతానము లేని ప్రతి ఇంటికిని ఫ్యాక్టరీయే కారణమనుట న్యాయము కాదు. కాని ఆ ఇంటివాడు వైద్యునికడకు పోయినపుడు, నీవు ఏ పని చేయుదువు, ఏ రసాయనము ముట్టుదువు, ఏ వేడిలో నిలుతువు అని అడుగకుండుట అంతకన్న అన్యాయము. బీజకణము పుట్టి పక్వమగుటకు సుమారు 70 దినములు పట్టును. చికిత్సకు మూడునెలల ముందుగా కార్మికుని ఆ వేడినుండి, ఆ ద్రావకమునుండి తప్పించి వేఱొక విభాగమున పనియిచ్చినచో, తరువాతి పరీక్షలో మార్పు తెలియవచ్చును. ఇందువలన ఫ్యాక్టరీ యజమానికి కలుగు నష్టము అత్యల్పము. జీతము తగ్గింపక ఇట్లు మార్చుట యజమానుల ధర్మము; అడుగుట కార్మికసంఘముల ధర్మము; విచారించుట తనిఖీ అధికారుల ధర్మము.

నాలుగు అంగములును పరీక్షించి చికిత్స మొదలిడిన పిదప, ఎన్ని పర్యాయములు? 2018లో ప్రకటింపబడిన న్యూజిలాండు పరిశోధనలో, కారణము తెలియని సంతానలేమి గల దంపతులలో మూడు నెలలు మాత్రలతో శుక్లనిక్షేపము చేయించుకొనిన వారికి నూటికి 31 మందికి బిడ్డలు కలిగిరి; ఊరక వేచియున్నవారిలో 9 మందికే కలిగిరి. చికిత్స నిరర్థకము కాదనుటకు ఇది చాలును. కాని ఫలించు గర్భములలో అధికభాగము మొదటి మూడు నాలుగు పర్యాయములలోనే నిలుచును. ఆఱు దాటిన తరువాతను అదే పని చేయించుట సొమ్మును, అంతకన్న విలువైన కాలమును పోగొట్టుకొనుట. తొందరపడి ఎక్కువ అండములకొఱకు గట్టి ఇంజెక్షనులు కోరుటయు ప్రమాదమే. 2015లో అమెరికా పరిశోధకులు ప్రకటించిన లెక్కలలో, గొనాడోట్రోపిన్ ఇంజెక్షనులచే నిలిచిన గర్భములలో సుమారు మూడవవంతు కవలలు, త్రికములు. కవలలు ఇంటికి వేడుకగా తోచవచ్చును; నెలలు నిండక పుట్టిన శిశువులు, రక్తపోటు వచ్చిన తల్లి, ఇవి ఆ వేడుకకు వెల.

ఈ వ్యవహారమంతయు ఇప్పుడు చట్టమునకు లోబడినది. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతిక శాసనమును, 2022 నాటి నియమములును అనుసరించి, శుక్లనిక్షేపము మాత్రమే చేయు వైద్యశాల కూడ మొదటిస్థాయి కేంద్రముగా రిజిస్టరు కావలయును. దంపతుల లిఖితపూర్వకమైన సమ్మతి లేక ఏ చికిత్సయు చేయరాదు. పరుని వీర్యము అవసరమైనచో రిజిస్టరైన బ్యాంకునుండియే తేవలయును. దంపతులకు తెలియక వాడుట నేరము. మగశిశువునే కలిగించెదమనుటయు నేరమే. 2025 జూలైలో సికింద్రాబాదున సంతానసాఫల్యము పేరిట శిశువిక్రయము జరిగినదని పోలీసులు బయలుపెట్టిన ఉదంతము దేశమును కలవరపెట్టెను. పుత్రకాంక్ష ఎంత గాఢమో, మోసమునకు అంత ఎర యగునని ఆ ఉదంతము తెలుపుచున్నది. కావున రిజిస్ట్రేషను పత్రమును చూడకయే రూపాయి చెల్లింపరాదు.

ప్రభుత్వమునకును ఒక మాట. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతానసాఫల్య కేంద్రము తెఱువబడెను. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసెను. కళాశాల వెలసినచోట వీర్యపరీక్షయు, నాళపరీక్షయు, శుక్లనిక్షేపమును చేయుట కష్టసాధ్యము కాదు. ఇందుకు కావలసినది సూక్ష్మదర్శిని, కడుగు యంత్రము, స్కానింగు, శిక్షణ పొందిన ఇద్దఱు ముగ్గురు మనుష్యులు. ఐ.వి.ఎఫ్.కు కావలసిన పెద్ద ప్రయోగశాల ఇందుకు అక్కఱలేదు. దినకూలి విడిచి నగరమునకు పలుమాఱులు పోజాలని కార్మికదంపతులకు ఇది తమ జిల్లాలోనే లభింపవలయును. ఒరిస్సానుండి, బీహారునుండి వచ్చి ఇస్నాపూరు గదులలో కాపురముండువారును ఈ దేశప్రజలే. వారి వంశమును ఈ దేశవంశమే. రామచంద్రాపురపు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వచ్చు కార్మికుని రోగచరిత్రలో అతడు చేయు పనియు, బిడ్డలు కలిగిరా లేదా అనునదియు వ్రాసి యుంచినచో, కొలది సంవత్సరములలో ఏ ఫ్యాక్టరీలో ఏ హాని యున్నదో ఆ పుస్తకమే చెప్పును.

తుదకు గృహస్థులకు మా మనవి. కోడలిని వైద్యునికడకు పంపుటకు ముందు కుమారుని పంపుడు. ఇద్దఱి పరీక్షాపత్రములను ఒకే బల్లపై నుంచి, ఇద్దఱును వినుచుండగా వైద్యునిచే చెప్పించుకొనుడు. ఎన్ని పర్యాయములు చేయించుకొనవలెనో, ఎంత సొమ్ము వ్యయింపవలెనో మొదటనే నిర్ణయించుకొని, ఆ హద్దు చేరినపుడు నిలుపుటకు ధైర్యము తెచ్చుకొనుడు. ఆ తరువాత పై చికిత్సకు పోవుటయో, దత్తత స్వీకరించుటయో, ఇద్దఱే ఉండి ఒకరికొకరు తోడగుటయో, అది ఆ దంపతులు నిర్ణయించుకొనవలసినది. అందు అత్తమామలకు గాని, వాడవారికి గాని జోక్యము తగదు. సకాలమున చేసిన యొక చిన్న పరీక్షచే ఎన్ని ఏండ్లు మిగులునో లెక్కింపవచ్చును. నిర్దోషియైన స్త్రీ ఆ ఏండ్లలో మ్రింగిన మాటలకు లెక్క లేదు. కాలము చెల్లకముందే బీజపరీక్ష జరుగుగాక.